మూడో అంతస్తులో ఈతకొలను: యేల్ వ్యాయామశాల జ్ఞాపకాలు

అమెరికాలోని న్యూ హేవెన్‌కు కొత్తగా వచ్చిన బంధువులను ఊరు చూపించడానికి తీసుకువెళ్ళినప్పుడు, టవర్ పార్క్‌వే వీధిలో ఒక భవనం ముందు నిలబెట్టి ఇదేమిటో చెప్పుకోమని అడగడం అక్కడి మా తెలుగు కుటుంబాల్లో ఒక సరదాగా ఉండేది. ఆకాశంలోకి లేచిన రాతి బురుజు, దాని రెండు వైపులా చాచుకున్న భుజాల్లాంటి కట్టడాలు, నిలువుగా సాగిన సన్నని కిటికీలు చూసి చాలామంది చర్చి అనేవారు. కాస్త ఆలోచించి చెప్పేవారు గ్రంథాలయం అనేవారు. వ్యాయామశాల అని చెప్పినవారు మాత్రం నాకు ఒక్కరూ తటస్థపడలేదు. అది యేల్ విశ్వవిద్యాలయం వారి పెయిన్ విట్నీ జిమ్నేజియం. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో నేను అక్కడ పోస్ట్‌డాక్‌గా, అంటే పిహెచ్‌డి తరువాతి పరిశోధకుడిగా, పనిచేసిన కాలంలో, ప్రయోగశాల తరువాత నేను ఎక్కువగా గడిపిన చోటు అదే.

ఆ భవనం 1932లో పూర్తయింది. విద్యార్థిగా ఉన్నప్పుడు యేల్ పడవ పందాల జట్టులో తెడ్డు వేసిన పెయిన్ విట్నీ అనే సంపన్నుడు 1927లో మరణించగా, ఆయన భార్యా పిల్లలు ఆయన జ్ఞాపకార్థం దానికి డబ్బిచ్చారు. నమూనా గీసినది జాన్ రస్సెల్ పోప్. వాషింగ్టన్‌లోని జెఫర్సన్ స్మారక మందిరం, నేషనల్ గ్యాలరీ పశ్చిమ భవనం కూడా ఆయన చేతి పనులే. అక్కడ గుండ్రని గుమ్మటాలు, గ్రీకు రోమను స్తంభాలు వాడిన మనిషి ఇక్కడ మధ్యయుగపు గోథిక్ శైలికి మళ్ళాడు. అంతకు ఒక ఏడాది ముందే తెరిచిన స్టెర్లింగ్ గ్రంథాలయమూ గోథిక్ పోకడలోనిదే కాబట్టి, ఆ రోజుల్లో యేల్‌లో ఏది కట్టినా పాతకాలపు మఠంలా కనిపించాలన్నది పాలకుల అభిరుచి అని అనుకోవాలి. ఒక ధనవంతురాలు చర్చి కట్టమని డబ్బు ఇస్తే, విశ్వవిద్యాలయం వారు చర్చిలా కనిపించే వ్యాయామశాల కట్టి ఆమె కళ్ళుగప్పారని విద్యార్థులు సందర్శకులకు ఒక కథ చెబుతూ ఉంటారు. దాతలెవరో శిలాక్షరాల్లో ఉండగా ఆ కథకు ఆధారమేమీ లేదు గానీ, భవనాన్ని చూసినవారెవరూ దాన్ని నమ్మకుండా ఉండలేరు.

మా నాన్నగారు బాపట్ల దగ్గర వ్యవసాయం చేసేవారు. ఆ వ్యాయామశాల లోపలి వైశాల్యం అన్ని అంతస్తులూ కలిపి 12 ఎకరాలకు పైమాటేనని ఫోనులో చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పన్నెండు ఎకరాలంటే మన చేను, మీ పెదనాన్న చేను కలిపినా రాదు కదరా, అంత చోట్లో ఏం చేస్తార్రా?" అని అడిగారు. కసరత్తు చేస్తారని చెప్పాను. "కసరత్తుకు పన్నెండు ఎకరాలా?" అన్నారు. మూడో అంతస్తులో ఒక ఈతకొలను ఉందని చెప్పేసరికి ఆయన అసలు అనుమానం బయటపడింది: "కింద గదుల్లోకి నీళ్ళు కారవుట్రా?"

ఆ ప్రశ్న వినడానికి అమాయకంగా ఉంది గానీ, ఇంజినీరింగ్ పరంగా అడగవలసిన ప్రశ్న అదే. మన వైపు ఈతకొలను అంటే నేలలో తవ్వేది. దాని బరువును భూమే మోస్తుంది. ఇక్కడ స్థలం ఊరి మధ్యలో ఉంది, కావలసిన సదుపాయాలు చాలా ఉన్నాయి కాబట్టి, వాటిని పక్కపక్కన పరచకుండా పోప్ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తొమ్మిదిన్నర అంతస్తులు. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగుతుంది. 50 మీటర్ల పొడవున్న ఒక కొలనులో సగటున మనిషి లోతు నీరుంటుందనుకున్నా, రమారమి వెయ్యి టన్నుల బరువును గాలిలో, మూడో అంతస్తు ఎత్తున నిలబెట్టి ఉంచాలి. బయటి నుంచి చూస్తే గోడలన్నీ రాయి. ఆ రాయే అంతా మోస్తున్నట్టు కనిపిస్తుంది. మోసేది మాత్రం లోపలి ఉక్కు చట్రం. రాయి ఆ చట్రానికి తొడిగిన చొక్కా మాత్రమే. వాస్తుశిల్పంలో నిజాయితీ కోరేవారికి ఇది నచ్చదు. ఆ రోజుల్లో నాకు పరిచయమైన ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి ఆ భవనాన్ని నాటకాల సెట్టింగు అని తీసిపారేసేవాడు. నాకు అంత కోపం రాలేదు. మన గాలిగోపురాల్లో కింది అంతస్తులు రాయి, పై అంతస్తులు ఇటుక, వాటి మీద సున్నపు బొమ్మలు. చూసేవాడికి అంతా ఒకటే గోపురంగా కనిపించాలన్నది కట్టినవాడి ఉద్దేశం. అందులో మోసమేముందని ఇప్పటికీ నా అభిప్రాయం.

పోటీల కోసం కట్టిన కొలను వేరే ఉంది. దానికి రాబర్ట్ కిఫుత్ అనే శిక్షకుడి పేరు పెట్టారు. చుట్టూ మెట్ల వరుసలు నిటారుగా లేచి ఉంటాయి. రెండు వేల మందికి పైగా కూర్చోవచ్చు, ఎక్కడ కూర్చున్నా నీరు మొత్తం కళ్ళ ఎదుటే ఉంటుంది. ఈత పోటీ చూడడానికి అంతమంది వస్తారా అని సందేహం కలగడం సహజం. కిఫుత్ కాలంలో వచ్చేవారు. 1940ల నడుమ నుంచి 1961 దాకా యేల్ ఈత జట్టు ఇతర విశ్వవిద్యాలయాలతో జరిగిన ముఖాముఖి పోటీల్లో ఒక్కటీ ఓడకుండా వరుసగా రెండు వందలకు పైగా గెలిచింది. విచిత్రమేమిటంటే ఆ కిఫుత్ స్వయంగా ఈత పోటీల నుంచి వచ్చినవాడు కాడు. వ్యాయామ విద్య నేర్పే మాస్టారు. నీళ్ళలోకి దిగే ముందు నేల మీద చేయించే కసరత్తులతోనే ఈతగాళ్ళను తయారు చేసేవాడని ప్రతీతి. కొలనూ కసరత్తు గదులూ ఒకే కప్పు కింద ఉన్న భవనం ఆయనకు ఎంత కలిసి వచ్చిందో ఊహించుకోవచ్చు.

నేను ఈదినది మాత్రం మూడో అంతస్తులోని కొలనులో. నా చిన్ననాటి ఈత కొమ్మమూరు కాలువలో నేర్చినది. నడుముకు ఎండు సొరబుర్ర కట్టి మా బాబాయి నీళ్ళలోకి తోస్తే నేర్చిన ఈత అది. తల ఎప్పుడూ నీటి పైనే ఉండాలి, ఎదురుగా కొట్టుకు వచ్చే తూటుకాడను, గుర్రపుడెక్కను చేత్తో పక్కకు నెట్టుకుంటూ పోవాలి. యేల్ కొలనులో తాళ్ళతో బారులు విడదీసి ఉండేవి. ఒక్కో బారు చివర నెమ్మది, మధ్యరకం, వేగం అని పలకలు పెట్టేవారు. బారులో కుడి పక్కన వెళ్ళి, చివర తిరిగి, అవతలి పక్కన రావాలి. ఆ దేశంలో రోడ్డు మీద కార్లు కుడివైపే నడుస్తాయి కాబట్టి అక్కడివారికి అది ఆలోచించకుండానే వస్తుంది; ఎడమవైపు అలవాటైన మనవాళ్ళం మొదట్లో ఎదురొచ్చే వాళ్ళతో తలలు ఢీకొనేవాళ్ళం. తల ఎత్తి ఈదే నా కాలువ ఈతను చూసి పక్క బారులో రోజూ ఈదే ఒక ముసలి ప్రొఫెసరు గారు, అలా అయితే మెడ పట్టేస్తుందని హెచ్చరించి, మొహం నీటిలో పెట్టి పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం ఎంతో ఓపికగా నేర్పారు. ఆయన ఏ శాఖలో పాఠం చెప్పేవారో నాకు చివరి వరకూ తెలియలేదు. ఈత కళ్ళద్దాలు లేకుండా ఆయన్ను ఎక్కడైనా చూసినా గుర్తుపట్టి ఉండేవాణ్ణి కాను.

కొలనుకు వెళ్ళాలంటే ముందు దాటవలసినది బట్టలు మార్చుకునే గది. అక్కడ తలుపులున్న చిన్న గదుల వంటివి ఉండవు. వరుసగా ఇనుప లాకర్లు, మధ్యలో చెక్క బల్లలు, అందరూ అందరి ఎదుటా మార్చుకోవలసిందే. అమెరికా వాళ్ళు ఏ సంకోచమూ లేకుండా నిలబడి మాట్లాడుకుంటూ ఉంటే మనవాడు తువ్వాలు ఒక చేత్తో, ప్యాంటు మరో చేత్తో పట్టుకొని గోడ వైపు తిరిగి పడే అవస్థ చెప్పనలవి కాదు. దీనికి విరుగుడు కనిపెట్టినది మాకంటే వయసులో పెద్దవారైన, తణుకు ప్రాంతం నుంచి వచ్చిన ఒక అన్నగారు. ఆయన సంచీలో ఎప్పుడూ ఒక గళ్ళ లుంగీ ఉండేది. దాన్ని తల మీదుగా వేసుకొని, అంచు పళ్ళతో పట్టుకొని, అరనిమిషంలో లోపలి వ్యవహారమంతా చక్కబెట్టుకొని, లుంగీ కిందికి వదిలి మడిచి సంచీలో పెట్టేసుకునేవారు. గోదావరి రేవులో స్నానం చేసిన వాడికి ఇదొక లెక్కా అని ఆయన ధీమా. కొన్నాళ్ళకు మా బృందంలో అందరి సంచీల్లోనూ లుంగీలు చేరాయి. ఒక బ్రెజిల్ కుర్రాడు ముచ్చటపడి అడిగితే అన్నగారు అతనికి కూడా ఒకటి తెప్పించి ఇచ్చారు.

భవనం లోపల దారి తెలుసుకోవడం దానికదే ఒక విద్య. బయటి రూపాన్ని చర్చిలా ఉంచి, లోపల ఇన్ని రకాల గదులను ఇరికించడం వల్ల మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో కొత్తవారికి అంతు చిక్కదు. కత్తిసాము చేసే హాలు, జిమ్నాస్టిక్స్ హాలు, బరువులెత్తే గదులు, స్క్వాష్ కోర్టుల వరుసలు, ఆఖరికి పోలో ఆట సాధనకు కూడా ఒక గది. 1999లో వెనుకవైపు చేర్చిన లాన్‌మన్ సెంటర్ మాత్రం ఈ కాలపు కట్టడం: విశాలమైన చెక్క నేల మీద బాస్కెట్‌బాల్ కోర్టులు, పైన చుట్టూ పరుగు బాట. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడి, బయట మంచు గడ్డకట్టిన రోజుల్లో ఆ పరుగు బాటే మాకు దిక్కు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచినది పడవ నడపడం నేర్పే తొట్లు. నీటి తొట్టి నడుమ కదలకుండా బిగించిన ఆసనాలు, ఇరువైపులా నీళ్ళు, చేతిలో తెడ్లు. పడవ ముందుకు పోదు. తెడ్డు పడ్డప్పుడు నీరే వెనక్కు పోతుంది. ఊళ్ళోని నీళ్ళు గడ్డకట్టే చలికాలంలో కూడా సాధన ఆగకూడదని చేసిన ఏర్పాటు అది. పడవ జట్టులో ఒకప్పుడు తెడ్డు వేసిన మనిషి పేరు మీద కట్టిన భవనంలో దానికి చోటుండడం సముచితమే. ఒకసారి ఒక శిక్షకుడి అనుమతితో ఆ ఆసనంలో కూర్చున్నాను. తెడ్డును నీటిలో ముంచి లాగడం చేతుల పని అనుకున్న నాకు, అది కాళ్ళ పని, నడుము పని అని పది లాగులకే అర్థమైంది.

ఇంత గొప్ప సదుపాయం మొదట ఎవరికోసం కట్టారన్న ఆలోచన మాత్రం నన్ను అప్పుడప్పుడూ కలవరపెట్టేది. 1932 నాటి యేల్ కళాశాలలో చదివినవారు మగపిల్లలు, అందులోనూ ఎక్కువగా కలిగినవారి పిల్లలు. ఆడపిల్లలను డిగ్రీ తరగతుల్లో చేర్చుకోవడం 1969లో గానీ మొదలవలేదు. చేర్చుకున్నాక కూడా సదుపాయాల విషయంలో వారికి సమానమైన చోటు దొరకలేదు. డెర్బీ అనే పక్క ఊళ్ళో, హౌసటానిక్ నది ఒడ్డున ఉన్న పడవల ఇంట్లో అబ్బాయిలకు స్నానపు గదులు ఉండేవి, అమ్మాయిలకు ఉండేవి కావు. చలిలో సాధన ముగించుకొని, తడిసిన బట్టలతో అమ్మాయిలు బస్సులో కూర్చుని, అబ్బాయిలు వేడినీళ్ళ స్నానాలు చేసి వచ్చేదాకా ఎదురుచూడవలసి వచ్చేది. 1976 మార్చి 3న క్రిస్ ఎర్న్‌స్ట్ నాయకత్వంలో అమ్మాయిల పడవ జట్టులోని 19 మంది, మహిళల క్రీడల అధికారిణి కార్యాలయానికి వెళ్ళి, పైదుస్తులు విప్పి, లింగవివక్షను నిషేధించే 1972 నాటి చట్టం పేరును ఒంటి మీద రాసుకున్న అక్షరాలను చూపించి తమ నిరసన పత్రం చదివారు. వార్త దేశమంతటా పత్రికల్లో వచ్చింది. మరుసటి ఏడాదికల్లా అమ్మాయిలకు స్నానపు గదులు కట్టారు. ఈ సంగతి నాకు చెప్పినది మా ప్రయోగశాలలో పనిచేసిన ఒక అమెరికన్ సహోద్యోగిని. ఆవిడ చెప్పిన తరువాత ఏ వ్యాయామశాలకు వెళ్ళినా గోపురాలు, కమానుల కంటే ముందు స్నానపు గదులు ఎవరికి ఎన్ని ఉన్నాయో చూడడం నాకు అలవాటైంది. ఇంతకూ యేల్ అన్న పేరే మన మద్రాసులో సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా పనిచేసిన ఎలిహు యేల్‌ది. 1718లో అతను పంపిన బట్టల బేళ్ళను అమ్మగా వచ్చిన సొమ్ము ఆ కళాశాలకు ఆసరా అయింది. కోరమాండల్ తీరంలో వ్యాపారం చేసి గడించినవాడి పేరు పెట్టుకున్న చోట ఈదడానికి మనకు మాత్రం కాస్త హక్కు లేకపోలేదని అన్నగారు హాస్యమాడేవారు.

పెయిన్ విట్నీ గురించి చెప్పి ప్రాస్పెక్ట్ వీధిలోని ఇంగాల్స్ రింక్ గురించి చెప్పకపోతే ఆ ఊరి క్రీడా భవనాల ముచ్చట సగమే చెప్పినట్టు. అది ఐస్ హాకీ ఆడే మంచు మైదానం. యేల్‌లోనే వాస్తుశిల్పం చదివిన ఈరో సారినెన్ దాన్ని రూపొందించగా 1958లో పూర్తయింది. దాని ఆకారం చూసి అందరూ తిమింగలం అని పిలుస్తారు. లోపలికి వెళ్ళి తల ఎత్తితే మాత్రం బోర్లించిన పెద్ద పడవ కింద నిలబడినట్టు ఉంటుంది. భవనం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెన్నెముకలా సాగిన 290 అడుగుల కాంక్రీటు కమాను, నడుమ 76 అడుగుల ఎత్తు. దాని నుంచి రెండు వైపులా వంపు తిరిగిన బయటి గోడల దాకా ఉక్కు తీగతాళ్ళు వేలాడదీసి, వాటి మీద చెక్క పలకలు పరిచారు. మూడున్నర వేల మంది కూర్చునే హాలులో చూపుకు అడ్డొచ్చే స్తంభం ఒక్కటీ లేదు. తీగతాళ్ళు గోడలను లోపలికి లాగుతూ ఉంటాయి కాబట్టి ఆ లాగుడుకు తట్టుకునేలా గోడలనే వంపుగా కట్టారు. గాలికి కమాను పక్కలకు ఊగకుండా ఇంజినీరు ఫ్రెడ్ సెవెరుడ్ బయటివైపు అదనంగా తీగతాళ్ళు బిగించాడు. పోప్ ఉక్కును రాతి వెనుక దాచిపెడితే, సారినెన్ ఏది ఏ బరువును మోస్తోందో చిన్నపిల్లవాడికి కూడా అర్థమయ్యేలా బయటపెట్టాడు. ఖర్చు మాత్రం అనుకున్నదానికి రెట్టింపై 15 లక్షల డాలర్ల దాకా పోయిందంటారు. 1970 మే 1 రాత్రి అక్కడ సంగీత కార్యక్రమం జరిగినప్పుడు బాంబు పేలినా భవనానికి పెద్ద నష్టం జరగలేదు.

మధ్యాహ్న భోజన విరామంలో అందరినీ స్కేటింగ్‌కు రానిచ్చే రోజులుండేవి. మంచు మీద నా ప్రతాపం గురించి ఎక్కువ చెప్పను. గోడ పట్టుకొని నడవడాన్ని స్కేటింగ్ అనగలిగితే నేనూ చేశాను. నాకు నచ్చినది విరామంలో జాంబోనీ బండి రావడం. ఆ బండి గీతలు పడిన పైపొరను గీకి తీసేసి, వెనుక నుంచి పల్చగా నీరు వదులుతూ పోతుంది. వదిలేది వేడినీళ్ళు. మంచును గట్టిపరచడానికి వేడినీళ్ళేమిటని ఆశ్చర్యపోతే నడిపే ఆయన వివరించాడు: వేడినీరు పైపొరను కొంచెం కరిగించి దానిలో కలిసిపోయి ఒకటిగా గడ్డకడుతుంది, పైగా అందులో కరిగిన గాలి తక్కువ కాబట్టి మంచు గట్టిగా, నున్నగా వస్తుంది. అడుగున కాంక్రీటులో పరిచిన గొట్టాల్లో అతిచల్లని ద్రవం తిరుగుతూ దాన్ని నిలబెడుతుంది. బండి వెళ్ళిన దారిలో తడి మెరుపు తగ్గి తెల్లబారుతూ వస్తుంటే చూస్తూ అన్నం డబ్బా తెరుచుకొని మెట్ల మీద కూర్చునేవాళ్ళం. పెరుగన్నం, మాగాయ, ఎదురుగా మంచు.

రెంటిలో ఏది గొప్పదన్న వాదన మా బృందంలో ఎప్పుడూ తెగలేదు. చూడడానికి తిమింగలానికి సాటి లేదు. రోజూ వాడుకోవడానికి నా ఓటు పెయిన్ విట్నీకే, ఎందుకంటే అది ఎన్ని రకాల మనుషులను, ఎన్ని రకాల ఆటలను ఒకేసారి తనలో ఇముడ్చుకుందో తిరిగినకొద్దీ తెలిసేది. సారినెన్ కూడా ఆ పాత భవనాన్ని తక్కువ చేసి చూడలేదు. దాని ఎదురుగా ఆయన రూపొందించిన మోర్స్, ఎజ్రా స్టైల్స్ వసతి గృహాల నడుమ నెలవంకలా వంగిన కాలిబాటలో నడిచి వస్తే, వంపు తిరిగేసరికి పెయిన్ విట్నీ బురుజు సరిగ్గా ఎదుట నిలిచేలా దారి వేశాడు. ఆ వసతి గృహాలు పూర్తవకముందే, 1961లో ఆయన మరణించాడు.

ఆ వైపు వెళ్ళే తెలుగువారికి ఒక మాట. పెయిన్ విట్నీలోకి వెళ్ళాలంటే విశ్వవిద్యాలయపు గుర్తింపు కార్డు ఉన్నవారు ఎవరైనా తోడు రావాలి. ముందే మాట్లాడుకొని వెళ్ళండి. తిమింగలానికి ఆ ఇబ్బంది లేదు, హాకీ పోటీ ఉన్న రోజు టికెట్టు కొనుక్కొని పోవచ్చు. ఆట మొదలవడానికి అరగంట ముందే వెళ్ళి మైదానానికి ఒక చివర, పై వరుసల్లో కూర్చుంటే కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తుంది. బయట ఎండగా ఉన్నా స్వెట్టరు మరిచిపోవద్దు.